తుపాకి మీది సాక్ష్యము

ఒక వస్తువునకు ఒక్క మాట చేర్చినంతమాత్రమున దాని వెల పలురెట్లు పెరుగుననినచో, ఆ మాట నిజమా కాదా యని విచారించు భారము కొనువానిపై ఎంత కలదో అమ్మువానిపై అంతకు మిక్కిలి కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు తుపాకుల సంతలో నేడట్టి మాట యొకటి వినబడుచున్నది. అది 'స్నైపర్' అను మాట. సాధారణ సిపాయి భుజమున మోసిన .303 తుపాకి అమెరికాదేశమున కొన్ని వందల డాలర్లకు దొరకును. ఆ జాతిదే, ఆ కార్ఖానాలోనిదే, ఆ సంవత్సరమున పుట్టినదే యైన మరియొక తుపాకి, దూరదర్శినితో గురిచూచి చాటునుండి కాల్చు నేర్పరియైన సిపాయికొరకు ప్రత్యేకముగ తీర్చబడినదని రుజువైనచో అనేక వేల డాలర్లు పలుకును. ఈ రెండు వెలల నడుమనున్న ఎడములోనే మోసము కాపురము చేయుచున్నది.

తెలుగు చదువరికి దీనితో నేమి పని యని ఎవరైన అడుగవచ్చును. పని కలదు. ఈ తుపాకులలో కొన్ని భారతసైన్యమున కొలువు చేసినవే. ఇట్టి వస్తువులను కొనుట అమ్ముట చట్టసమ్మతమైన దేశములలో మన తెలుగువారు నేడు వేలకు వేలు స్థిరపడియున్నారు. అంతకు మించి, పాతవస్తువు నేదేనియు గుర్తించుటకు, దానికి విలువ కట్టుటకు అవలంబింపవలసిన న్యాయ మొక్కటియే. తామ్రశాసనమైనను, కంచువిగ్రహమైనను, తుపాకియైనను ఆ న్యాయము మారదు. తుపాకి విషయమున నది మిక్కిలి స్పష్టముగ కానవచ్చును. ఏలయన దానిని చేసిన ప్రభుత్వము దాని ఒంటినిండ గుర్తులు పొడిచి విడిచినది.

మాటలు గాలిలో పోకుండుటకు ఒక్క తుపాకినే తీసికొందము. బ్రిటిషు సైన్యమువారి లీ-ఎన్‌ఫీల్డ్ నంబరు 4 మార్కు 1 (టి) అనునది ఈ జాతిలో మిక్కిలి పేరొందినది. నంబరు 4 తుపాకి 1941 మొదలు విస్తారముగ తయారైనది. ఇంగ్లండులో బి.ఎస్.ఏ. కంపెనీవారి షిర్లీ కార్ఖానాయందును, ఫజాకర్లీ, మాల్ట్‌బీ ప్రభుత్వ కార్ఖానాలయందును, కెనడాలో లాంగ్ బ్రాంచియందును, అమెరికాలో సావేజి కంపెనీయందును లక్షలకొలది తుపాకులు పుట్టినవి. ఒక్క కొలతతో చేసినను అన్నియు ఒక్క తీరున కాల్చవు గదా. ఒకే మగ్గముమీద నేసిన పంచెలలోను ఒకటి రెండు ఎక్కువ నునుపుగ దిగును. అట్లే పరీక్షలో గుండ్లన్నియు దగ్గరదగ్గరగా తగిలిన తుపాకులను ఏరి వేరుగ నుంచి, 1942 మొదలు లండనులోని హాలెండ్ అండ్ హాలెండ్ అను కంపెనీకి పంపిరి. ఈ కంపెనీవారు 1835 నుండి జమీందారులకును రాజులకును వేటతుపాకులు చేసి యిచ్చుటలో ఆరితేరినవారు. వారు ఇరువది వేలకు పైగా తుపాకులను ఈ విధముగ తీర్చి సైన్యమున కిచ్చిరి. అంతకు పూర్వము ఎన్‌ఫీల్డ్ కార్ఖానాలోనే 1930 తరువాతి సంవత్సరములలో పరీక్షార్థము చేసి యుంచిన తుపాకులు కొన్ని ఇట్లే మార్చబడినవి. కెనడావారు తమవి తామే కొలదిగ చేసికొనిరి.

తీర్చుట యనగా నేమి? తుపాకి లోహదేహమునకు ఎడమప్రక్కన రెండు ఉక్కు దిమ్మలను మరలతో బిగించి, మాటుపెట్టి అతికిరి. మరలు వదులుకాకుండ వాని తలల అంచులలో పోటు పొడిచిరి. ఆ దిమ్మలపై కూర్చుండునట్లు ఒక లోహపు పట్టెడను అమర్చి, అందు నంబరు 32 అను టెలిస్కోపును బిగించిరి. ఈ టెలిస్కోపు మొదట బ్రెన్ అను మరతుపాకికై ఉద్దేశింపబడినది. ఎదుటి వస్తువును మూడురెట్లు పెంచి చూపును. మడమచెక్కమీద బుగ్గ ఆనించుకొనుటకు చిన్న కొయ్యదిండు చేర్చిరి. వెనుకటి సైటులో దగ్గరి గురికై యున్న రంధ్రపు భాగము టెలిస్కోపునకు అడ్డుతగులును గనుక దానిని అరగదీసిరి. ఇందు ముఖ్యముగ గమనింపవలసిన దేమనగా, ఈ పట్టెడయు టెలిస్కోపును ఏ తుపాకికైన తగిలించుకొను టోపీవంటివి కావు. ఏ తుపాకి కా తుపాకికే చేతితో సరిచూచి కూర్చినవి. ఒకదానిది మరియొకదానికి పెట్టినచో పట్టవచ్చును గాని గురి తప్పును.

ఇక గుర్తులు. ఎన్నికచేసిన తుపాకి మడమచెక్క దూరు లోహపు గూటిమీద 'టి.ఆర్.' అని పొడిచిరి. మార్పు పూర్తియై పరీక్షలో నెగ్గినపిదప లోహదేహపు ఎడమగోడమీద 'టి' అను అక్షరమును పొడిచిరి. హాలెండ్ కంపెనీకి యుద్ధకాలపు రహస్యసంకేతము 'ఎస్. 51', అది మడమచెక్క అడుగున కానవచ్చును. షిర్లీ కార్ఖానాకు సంకేతము 'ఎం. 47 సి', (టి) తుపాకులలో పెక్కులు ఆ కార్ఖానావే. దిమ్మలమీద పరీక్షాధికారుల చిన్న ముద్రలు కలవు. వీని కన్నింటికిని మించినవి రెండు నంబరులు. తుపాకి నంబరు టెలిస్కోపు పట్టెడమీద పొడువబడినది. టెలిస్కోపు నంబరు మడమచెక్క మెడపై, బొటనవ్రేలు ఆను చోటున పొడువబడినది. అనగా తుపాకి టెలిస్కోపును చూపి 'ఇది నాది' యనును. టెలిస్కోపు పట్టెడ తుపాకిని చూపి అదే మాట యనును. ఒకదాని కొకటి సాక్ష్యము.

న్యాయస్థానములలో కొంతకాలము మసలినవానికి సాక్ష్యములన్నియు ఒక్క బరువు కలవి కావని తెలియును. ఈ గుర్తులును అంతే. అంగడిలో అమ్మువాడు మొట్టమొదట చూపునది 'టి' అను అక్షరము. నా అభిప్రాయమున నన్నింటిలో తేలికైన సాక్ష్య మదియే. ఒక్క పోటుముద్రయు ఒక్క సుత్తియు నున్నచో అర్ధనిమిషమున అది పుట్టును. పైగా ఆ అక్షరము ఉండవలసిన చోటేదో ప్రతి పుస్తకమును బొమ్మతోసహా చెప్పుచున్నది. సత్యాన్వేషికెంత ఉపకారమో కూటకారునికిని అంతే ఉపకారము. కావున అక్షర మున్నదా యని కాక, అక్షర మెట్లున్నది యని చూడవలెను. పోటు చుట్టును లోహము పైకుబికిన అంచు పాతబడి నునుపారినదా, లేక క్రొత్తగ గీచుకొనునట్లున్నదా? గుంటలోపల రంగు పైనున్న రంగుతో సమానముగ వయస్సు చెల్లినదా, లేక అడుగున తెల్లని ఉక్కు మెరయుచున్నదా? దస్తావేజు వ్రాత కంటె సిరా ఎక్కువ మాటలాడును.

అక్షరము కంటె బరువైనవి దిమ్మలు. నేడు క్రొత్తగ చేసిన దిమ్మలును, పట్టెడలును, టెలిస్కోపులును కూడ అంగడిలో దొరకుచున్నవి. వానిని క్రొత్తవని చెప్పి అమ్మినంతకాలము ఎవరికిని ఆక్షేపణ లేదు. కాని పాత లోహములో పాత మరలు ఎనుబది సంవత్సరములు కూర్చుండిన తీరును, మరల తలలకు పొడిచిన పోట్లను, మాటు అంచున చేరిన మురికిని, దిమ్మ అంచును దేహమును కలిపి పూసిన పూతను అనుకరించుట అంత సులభము కాదు. దిమ్మ వదులై సైన్యపు పనివాడే మరల బిగించిన సందర్భములును కలవు. అట్టి చోట పోట్లు రెండుసార్లు కానవచ్చును. అందువలన వానిని చూచి వెంటనే కూటమని తీర్పు చెప్పరాదు.

మరియొక సంగతి. కొన్ని అసలైన తుపాకులకు పైనచెప్పిన గుర్తులలో ఒకటి రెండు లేకుండుటయు కలదు. ఎన్‌ఫీల్డ్ కార్ఖానాలోనే మార్చబడినవానికి హాలెండ్ వారి 'ఎస్. 51' ఉండుటకు వీలే లేదు. ఉన్నచో అప్పుడే అనుమానింపవలెను. మడమచెక్క విరిగి సైన్యమువారు మార్చినచో ఆ చెక్కతోపాటు టెలిస్కోపు నంబరును పోవును. పుస్తకమున చెప్పిన గుర్తులన్నియు ఒక్కటియు తప్పక, ఒక్కటియు చెదరక, నిన్న పొడిచినట్లున్న తుపాకి కంటె, ఒక గుర్తు లోపించి దాని లోపమునకు కారణము కానవచ్చు తుపాకియే నాకెక్కువ నమ్మకము కలిగించును. కోర్టులో ఆరుగురు సాక్షులు ఒక్క మాటను అక్షరము తప్పక వల్లించినచో ఏ న్యాయాధిపతి నమ్మును?

అన్ని దేశముల తుపాకులకును ఒక్క పరీక్ష చాలదనియు గుర్తింపవలెను. అమెరికావారి 1903 ఏ-4 అను స్నైపర్ తుపాకికి ఆరంభమునుండియు ముందటి సైటు లేదు. దాని పేరును నంబరును టెలిస్కోపు పీఠము క్రింద మరుగుపడకుండ ఇరుప్రక్కలకు జరిపి పొడిచిరి. సాధారణ తుపాకిని తెచ్చి ఏ-4 అనువాడు ఆ ఒక్కచోట దొరకిపోవును. రష్యావారి మోసిన్ తుపాకి కథ వేరు. యుద్ధానంతరము వారు పెక్కు స్నైపర్ తుపాకులనుండి టెలిస్కోపులను తీసి, రంధ్రములు పూడ్చి, సాధారణ సిపాయిల కిచ్చివేసిరి. దశాబ్దముల పిదప వర్తకులు ఆ పూడికలను తీసి క్రొత్త పట్టెడలను తగిలించి తిరిగి 'స్నైపర్' అని అమ్ముచున్నారు. ఇక్కడ తుపాకి అసలైనదే. దాని అవస్థ అసలైనది కాదు. ఇట్టి అర్ధసత్యము పూర్తి అసత్యము కంటె ప్రమాదకరము.

ఇక వెల సంగతి. మన రిజిస్ట్రేషను కచ్చేరీల చుట్టు తిరిగినవారికి ఇది బోధపరచుటకు పెద్ద ఉపమాన మక్కరలేదు. భూమి కొనువాడు ఒక్క క్రయదస్తావేజును చూచి తృప్తిపడునా? లింకు దస్తావేజు లడుగును, హద్దులు చూచుకొనును, వ్రాసియిచ్చినవాని పుట్టుమచ్చలవరకు దస్తావేజులో నెక్కించుచుండిరి. అట్లే ఈ తుపాకికి వెల కట్టునప్పుడు మొదట అడుగవలసినది అది ఎంత మెరయుచున్నదని కాదు, దాని భాగములు ఒకదానితో నొకటి పుట్టుకనుండి కలిసియున్నవా యని. నంబరులు సరిపోయిన తుపాకి, పట్టెడ, టెలిస్కోపు మూడును కలిసినచో ఒక వెల. తుపాకి అసలైనదై టెలిస్కోపు మరియొకదానిదైనచో అంతకు చాల తక్కువ. దిమ్మలు మాత్రము మిగిలి టెలిస్కోపే లేనిచో మరింత తక్కువ. టెలిస్కోపు డబ్బా, తుపాకిని భద్రపరచు కొయ్యపెట్టె మొదలైనవి దానితోనే వచ్చినచో కొంత ఎక్కువ. కెనడా, సావేజి కార్ఖానాల (టి) తుపాకులు అరుదు గనుక వానికి వేరు లెక్క. 1970 ప్రాంతమున బ్రిటిషువారు (టి) తుపాకులలో వేయికి కొంచెము మించి తీసికొని, గొట్టమును మార్చి, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిచేసి, 'ఎల్ 42 ఏ 1' అని పేరుపెట్టి మరి ఇరువది యేండ్లు వాడుకొనిరి. వానికి మరియొక లెక్క.

వింత యేమనగా, నంబరు 32 టెలిస్కోపు ఒంటరిగనే ఒక సాధారణ తుపాకి కంటె ఎక్కువ వెల పలుకుచున్నది. యుద్ధము ముగిసినపిదప ప్రభుత్వములు మిగులు సామగ్రి నమ్ముటలో తుపాకి ఒకచోటికి, టెలిస్కోపు ఒకచోటికి పోయినవి. వేటగాడొకడు టెలిస్కోపును విప్పి వేరు తుపాకికి పెట్టుకొనెను. మరియొకడు దిమ్మలు అడ్డుగానున్నవని పెరికివేసెను. ఇట్లు విడిపోయిన అవయవములు నేడు వర్తకుల బల్లలమీద కలిసికొనుచున్నవి. టెలిస్కోపు లేని తుపాకియు తుపాకి లేని టెలిస్కోపును ఒకే అంగడిలో నున్నచో వానికి పెండ్లి చేయుటలో దోష మేమి యని వర్తకు డడుగును. పెండ్లి చేయుటలో దోషము లేదు. పాత నంబరును అరగదీసి క్రొత్త నంబరు పొడిచి, ఇది మొదటి పెండ్లియేయని చెప్పుటలో దోషమున్నది.

ఈ 'పునరుద్ధారణ'ను సమర్థించువారి వాదము నిక్కడ సావధానముగ వినవలెను. అది వట్టి దురాశావాదము కాదు. 'తుపాకి ఏ రూపమున యుద్ధమునకు పోయెనో ఆ రూపమునకు మరల తెచ్చుచున్నాము. శిథిలమైన గోపురమును ప్రభుత్వము బాగుచేయుట లేదా? విడిపోయిన భాగములను సమకూర్చి, చూచువారికి చరిత్రను కన్నులకు కట్టించుట పుణ్యమే కాని పాపము కాదు' అని వారందురు. ఇందు కొంత న్యాయమున్నది. సంపాదకుడు తన యింట గోడకు తగిలించుకొనుటకై క్రొత్త టెలిస్కోపు పెట్టుకొని, అది క్రొత్తదని పదిమందికి చెప్పినచో ఎవ్వరును తప్పు పట్టరు. కాని గోపురమును బాగుచేయువాడు క్రొత్త ఇటుకపై పాత రాజు బిరుదము చెక్కడు. చెక్కినచో నది జీర్ణోద్ధారణ కాదు, కూటశాసనము. ఒక తుపాకిమీద నంబరును అరగదీసినవాడు ఆ తుపాకి సాక్ష్యమునే కాక, ఎక్కడనో మిగిలియున్న అసలు జోడు సాక్ష్యమును కూడ చంపుచున్నాడు. ఇరువది యేండ్లకు ఆ అసలు టెలిస్కోపు ఏ పాతపెట్టెలోనో దొరకినను, తన తుపాకిని అది ఇక గుర్తుపట్టజాలదు. ఈ నష్టము కొన్నవానిదొక్కనిదే కాదు. చరిత్ర వ్రాయబోవు ప్రతివానిదియు. అందువలన అసంపూర్ణమైనను సత్యమైన తుపాకికి, సంపూర్ణమైనట్లు కానవచ్చు కూటపు తుపాకి కంటె ఎక్కువ వెల నీయవలెనని నా దృఢాభిప్రాయము. సంపాదకులు ఈ యొక్క నియమము పాటించిన మరునాటినుండి సుత్తులు మూలబడును.

మన దేశపు తుపాకులపట్ల పాశ్చాత్య సంపాదకులలో ఒక చిన్నచూపు కలదు. దానిని గూర్చి ఒక మాట చెప్పక తీరదు. భారతసైన్యపు ఆయుధశాలలలో బాగుచేయబడిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకులలో పెక్కింటికి, తూటాలగూడునకు కొంచెము ముందు, కొయ్యగుండ అడ్డముగ ఒక మరమేకు దూర్చి బిగింపబడియుండును. కొయ్య పగులకుండుటకై చేసిన ఏర్పాటది. బెంగాలులోని ఇషాపూరు కార్ఖానా పేర దానిని 'ఇషాపూరు మర' యని పిలుచుచున్నారు. ఇది కానవచ్చినంతనే కొందరు మూతి విరిచి వెల తగ్గింతురు. ఏల? మర దూర్చినవాడు వర్తకుడు కాదు. వేడికిని వానకును కొయ్య పగులునని యెరిగిన సైన్యపు పనివాడు. దానిని దూర్చినది అమ్ముటకు కాదు, వాడుటకు. ఆ మర ఆ తుపాకి ఏ దేశమున కొలువు చేసెనో చెప్పుచున్నది. అట్లే సైన్యపు ఆయుధశాలలో టెలిస్కోపు చెడిపోయి మరియొకటి పెట్టి, పాత నంబరును కొట్టివేసి ప్రక్కన క్రొత్త నంబరు పొడిచిన తుపాకులు కలవు. కొట్టివేత కంటికి కానవచ్చుచునే యున్నది, దాచినది కాదు. దస్తావేజులో కొట్టివేత క్రింద వ్రాయసగాడు 'కొట్టివేసినది ఒకటి, చేర్చినది ఒకటి' యని వ్రాసి సంతకము చేసినట్లే. దానిని దోషముగ నెంచుట సాక్ష్యము నెరుగనివారి పని.

తుపాకియొక్క ఒంటిమీది గుర్తులకు తరువాత కథలు వచ్చును. 'ఇది ఫలానా వీరుడు పట్టినది' యను కథ లేని పాత తుపాకి లేదు. 1872 నాటి సాక్ష్యశాసనమందును, దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమందును ముప్పది యేండ్లు దాటిన దస్తావేజుకు ఒక గౌరవమీయబడినది. కాని అది ఉండవలసినచోటనే, ఉండదగినవారి అధీనమందే ఉండి బయటికి వచ్చినప్పుడు మాత్రమే. వస్తువులకును ఈ న్యాయము పెట్టుకొనవలెను. మన మన్యములోని సంగతియే చూడుడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషనులపై పడి తుపాకులను తూటాలను గొనిపోయినప్పుడు, తాను తీసికొనినవానిని స్టేషను పుస్తకములో వ్రాసి సంతకము చేసి పోయెను. ఆ వీరుని ధైర్యమును మనము పాడుకొనుచున్నాము. ఆ వ్రాతను గూర్చి అంతగా తలచుకొనుట లేదు. రేపెవడైన ఒక తుప్పుపట్టిన తుపాకిని తెచ్చి ఇది రాజుగారి చేతిదని చెప్పినచో, భక్తితో కన్నుల కద్దుకొనుటకు ముందు అడుగవలసినది: ఇది ఆనాటి పోలీసువారి కిచ్చిన జాతి తుపాకియేనా, నాటినుండి నేటివరకు ఎవరెవరి చేతులు మారినది, ఆ మార్పులకు కాగితమేది? భక్తికి ఇందువలన లోటు రాదు.

కొనువారికి చట్టమెంతవరకు అండగానున్నదో చూతము. వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెనని ఇంగ్లండు చట్టమందును, మన 1930 నాటి వస్తువిక్రయ చట్టము 15వ సెక్షనునందును కలదు. ఇది విని ధైర్యము తెచ్చుకొని కొనుటకు ముందు రెండు తీర్పులు తెలిసికొనవలెను. 1944లో లండనులో ఒకడు కాన్‌స్టబుల్ అను ప్రఖ్యాత చిత్రకారుడు వ్రాసినదని చెప్పగా ఒక చిత్తరువును 85 పౌనులకు కొనెను. ఐదేండ్ల తరువాత అమ్మబోవగా అది ఆయన వ్రాసినది కాదని తెలిసెను. బేరము రద్దుచేయుమని కోర్టుకెక్కెను. కాలము మించిపోయినదని 1950లో కోర్టువారు త్రోసివేసిరి. రెండవది 1991 నాటి రిపోర్టులలో నెక్కినది. అదియు చిత్తరువే; గాబ్రియేల్ మ్యూంటర్ అను జర్మను చిత్రకర్త్రిదని చెప్పి 6,000 పౌనులకు ఒక వర్తకుడు మరియొక వర్తకుని కమ్మెను. ఆ సంప్రదాయమున తనకు పరిజ్ఞానము లేదని అమ్మువాడు ముందే చెప్పియుండెను. చిత్తరువు కూటమని తేలినను, కొన్నవాడు అమ్మువాని మాటను గాక తన బుద్ధిని నమ్ముకొని కొనెనని న్యాయాధిపతులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. 6,000 పౌనులు పోయినవి.

ఈ రెండును తుపాకి కొనువానికి అచ్చముగ వర్తించును. 'నాకు తెలిసినంతవరకు స్నైపరే', 'మా తాతగారట్లు చెప్పెడివారు' అను మాటలు కోర్టులో నిలుచుట కష్టము. కావున డబ్బు చేతులు మారకముందే ఒక కాగితముపై తుపాకి నంబరు, పట్టెడ నంబరు, టెలిస్కోపు నంబరు, మడమచెక్కమీది నంబరు, ఏ భాగము తరువాత చేర్చినది, దిమ్మలు మొదటివా కావా యను సంగతులు వ్రాయించి సంతకము పుచ్చుకొనవలెను. వ్రాయుటకు వెనుదీయువాని వస్తువునకు సాధారణ తుపాకి వెల నీయుడు. అంతకు మించి పైసయు వలదు. కొన్న పిదప పెట్టెలో పెట్టి మరచిపోక, నెలలోపల తెలిసినవానికి చూపుడు. పాత పూతను రుద్ది మెరుగుపెట్టుటకు మాత్రము పూనుకొనవలదు. రుద్దుటలో పోవునది మురికి కాదు, రుజువు.

చంపుటకై చేసిన పనిముట్టును గూర్చి ఇన్ని పంక్తులేల యని శాంతికాముకులు నన్ను నిలదీయవచ్చును. ఈ తుపాకిపై నాకును ప్రేమ లేదు. కాని ఒక కాలమున మనుష్యులు ఒకరినొకరు ఎట్లు చంపుకొనిరో తెలుపు సాక్ష్యమును, డబ్బుకొరకు దిద్దనిచ్చుట శాంతికి చేయు సేవ కాదు.

మన దేశమున నున్నవారి సంగతి వేరు. 1878లో లిట్టన్ ప్రభుత్వము చేసిన ఆయుధశాసనము భారతీయుని చేత తుపాకి నుండనీయకుండుటకు పుట్టినది, యూరోపియనులకు మినహాయింపులుండెను. తుపాకులు సేకరించు అలవాటే ఇక్కడ వేరూనకపోవుటకు అదియొక కారణము. దాని స్థానమున వచ్చిన 1959 నాటి చట్టమే నేడు మనల నేలుచున్నది. .303 కొలత నిషిద్ధవర్గమునకు చెందినది. అందువలననే ఇషాపూరు కార్ఖానా పౌరులకై.315 కొలతలో వేరు తుపాకిని చేసినది. 2019 సవరణ తరువాత లైసెన్సు గలవానికైనను రెండింటికి మించి తుపాకులుండరాదు. తాతతండ్రులనుండి వచ్చినవి కూడ ఆ రెండింటిలోనే లెక్కకు వచ్చును. నిషిద్ధాయుధమును లైసెన్సు లేక ఉంచుకొన్నవానికి అదే సవరణ ఏడేండ్లకు తక్కువ కాని శిక్షను విధించినది. 'పాతది గదా, దీనికేమి లైసెన్సు' అనుట చెల్లదు. పురాతనములకు 45వ సెక్షనులో మినహాయింపున్న మాట నిజమే కాని, అది బాగుచేసినను పేలని ఆయుధమునకే. ఈ .303 తుపాకులు ఎనుబదియేండ్లవైనను చక్కగ పేలును.

కావున తాతగారి భోషాణములో, మిలిటరీలో పనిచేసి గతించిన పెదనాన్నగారి అటకమీద ఇట్టిది కానవచ్చినచో వెల ఆలోచన కట్టిపెట్టి, దానిని వీధిలోనికి తేక, తూటాలుండిన ముట్టక, న్యాయవాదితో ఆలోచించి పోలీసుస్టేషనులో వెంటనే తెలుపుడు. అప్పగించునప్పుడు మాత్రము ఒక పని చేయుడు. తుపాకిమీది నంబరులను, ముద్రలను, ఎవరివలన ఎట్లు వచ్చినదను కుటుంబపు మాటను ఒక కాగితముపై వ్రాసి, రసీదు మీద ఆ నంబరులను ఎక్కింపుమని అధికారిని కోరుడు. సీతారామరాజు స్టేషను పుస్తకములో వ్రాసిపోయిన పాటి వ్రాత, స్టేషనులో నున్న అధికారి వ్రాయజాలడా?

మన మ్యూజియములను గూర్చియు ఇదే విన్నపము. అద్దాలపెట్టెలో పెట్టిన తుపాకి ముందు 'పాతకాలపు తుపాకి' యని చీటీ కట్టిన చూచువానికి ఏమి తెలియును? ఏ కార్ఖానా, ఏ సంవత్సరము, ఏ నంబరు, ఎవరు ఎప్పు డిచ్చిరి యను నాలుగు ముక్కలు చీటీమీద వ్రాసి, వాని పట్టికను ప్రజలకు అందుబాటులో నుంచుటకు పెద్ద గ్రాంటు లక్కరలేదు. ఒక గుమాస్తాయు, ఒక దీపమును, ఒక భూతద్దమును చాలును.